పటం అంచుకు అవతలి ఊరు

నగర నిర్మాణ ఆట రెండో భాగంపై అభిమానుల ఆశలు, అనుమానాలు: ఉద్దానం వైపు నుంచి ఒక పరిశీలన

వీడియో గేముల్లో నగర నిర్మాణ ఆటలది ఒక ప్రత్యేక శాఖ. వీటిలో శత్రువు ఉండడు, గెలుపు గీత ఉండదు; ఆటగాడు నగరపాలకుడి స్థానంలో కూర్చుని రోడ్లు వేస్తాడు, నీటి గొట్టాలు పరుస్తాడు, పన్నులు నిర్ణయిస్తాడు, ఏ నేలలో ఇళ్ళు రావాలో ఏ నేలలో దుకాణాలు, కర్మాగారాలు రావాలో ముందే గీతలు గీసి కేటాయిస్తాడు. ఈ కేటాయింపునే జోనింగ్ అంటారు. ఆ తరువాత ఊరు తనంతట తానే పెరుగుతుంది, లేదా కుంగిపోతుంది. ఎందుకలా జరిగిందో లెక్క వెదికి పట్టుకుని దిద్దుకోవడంలోనే ఈ ఆట రుచి అంతా ఉంది. అందువల్ల ఈ ఆటల అభిమానులు మిగతా ఆటల అభిమానుల వంటివారు కారు. వారు బొమ్మ అందంగా ఉన్నదా అని అడగడంతో ఆగరు, బొమ్మ వెనక నడుస్తున్న లెక్క నిజమైనదేనా అని అడుగుతారు. సిటీస్: స్కైలైన్స్ అనే ఆటకు రెండో భాగం వస్తున్నదని 2023 మార్చిలో ప్రకటన వెలువడిన నాటి నుంచి సాగిన ఆశలు, అనుమానాలు, కోపతాపాలు అన్నీ చివరకు ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగాయి.

శ్రీకాకుళం జిల్లా కవిటికి ఈ ప్రశ్నతో సంబంధమేమిటన్న సందేహం సహజమే. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల నడుమ ఉన్న ఈ ఉద్దానం తీరంలో పెద్ద నగరమేదీ లేదు. ఈ ప్రాంతంలో పట్టణం అనదగినవాటిలో ఒకటైన పలాస–కాశీబుగ్గ జీడిపప్పు పరిశ్రమ మీద, రైల్వే స్టేషను మీద నిలబడిన మునిసిపాలిటీ. అయితే చాలా నగర నిర్మాణ ఆటల్లో ఒక వింత ఏర్పాటు ఉంది. కొత్త నగరానికి జనం పటం అంచున ఉన్న ఒక రోడ్డు గుండా వచ్చి చేరుతారు. ఆ అంచుకు అవతల ఏముందో, వారు ఏ ఊరు వదిలి వచ్చారో, వారు వచ్చేశాక ఆ ఊరు ఏమైందో ఆట ఎన్నడూ చెప్పదు. హైదరాబాదు, చెన్నై, బెంగళూరు, గల్ఫ్ దేశాల్లో భవనాలు లేపడానికి దశాబ్దాలుగా మనుషులను పంపుతున్న ఉద్దానం సరిగ్గా ఆ అంచుకు అవతలి ఊరే. ఆట లెక్క ఎంత నిజమో తేల్చడానికి అంచు లోపలివారి సాక్ష్యం ఒక్కటే చాలదు.

ఒక పాత లెక్క, దాని వారసులు

ఈ శాఖకు మూలపురుషుడు విల్ రైట్. 1984లో ఆయన తయారు చేసిన ఒక హెలికాప్టర్ యుద్ధపు ఆటలో దీవుల మీద బాంబులు వేయడం కంటే ఆ దీవుల మీద రోడ్లు, భవనాలు అమర్చడమే తనకు ఎక్కువ ఆనందాన్నిస్తున్నదని ఆయన గుర్తించాడు. ఆ ఆనందమే 1989లో సిమ్‌సిటీగా రూపు దిద్దుకుంది. దాని లోపలి లెక్కకు ఆయన ఆధారాల్లో ఒకటి అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థ ఆచార్యుడు జే ఫారెస్టర్ 1969లో ప్రచురించిన నగర గతిశాస్త్ర గ్రంథం. నగరాన్ని ఇళ్ళు, పరిశ్రమలు, మనుషులు అనే మూడు రాశులుగా చూసి, ఒకటి పెరిగితే మరొకటి ఎలా మారుతుందో సమీకరణాలతో చెప్పిన పుస్తకమది. పేదలకు చవక ఇళ్ళు కట్టించడం నగరానికి మేలు కంటే కీడే చేస్తుందన్న తీర్పు కూడా ఆ సమీకరణాల్లోంచే వచ్చింది, దాని మీద తీవ్రమైన విమర్శ చెలరేగింది. విమర్శకులు ఎత్తి చూపిన లోపాల్లో ఒకటి ఇక్కడ ముఖ్యమైనది: ఆ నమూనాలో నగరం చుట్టూ ఉన్న ప్రాంతానికి లెక్కే లేదు, అది మనుషులను ఎన్నిసార్లయినా పంపగల, ఎందరినైనా తిరిగి తీసుకోగల అంతులేని పరిసరం మాత్రమే. ఆట పటం అంచున ఉన్న ఆ పేరు లేని రోడ్డుకు పుట్టుక ఈ ఆలోచనలోనే ఉంది.

ఆశలు, అనుమానాల చరిత్రలో తొలి పెద్ద దెబ్బ 2013 మార్చిలో తగిలింది. ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ ఆ నెలలో విడుదల చేసిన కొత్త సిమ్‌సిటీ ఒంటరిగా ఆడేవారికి సైతం ఇంటర్నెట్ తప్పనిసరి చేసింది. విడుదలైన రోజుల్లోనే సర్వర్లు కూలబడి, డబ్బు పెట్టి కొన్నవారు ఆటలోకి అడుగే పెట్టలేకపోయారు. నగరం రెండేసి కిలోమీటర్ల చతురస్రానికి మించి పెరగదు. ప్రతి పౌరుడికీ ఒక జీవితం ఉంటుందని ముందుగా ఊరించారు గానీ, ఆడి చూస్తే ఆ పౌరుడు ఉదయం దొరికిన దగ్గరి ఉద్యోగానికి వెళ్ళి, సాయంత్రం దొరికిన ఖాళీ ఇంట్లో పడుకుంటున్నాడు. అతడికి సొంత ఇల్లంటూ లేదు. అభిమానులకు సర్వర్ల కష్టం కంటే ఈ సంగతి ఎక్కువ గాయం చేసింది, ఎందుకంటే సర్వరును బాగుచేయవచ్చు, పోయిన నమ్మకాన్ని తెచ్చుకోవడం కష్టం. ఇంటర్నెట్ లేకుండా ఆడే వీలు ఏడాది తరువాత వచ్చింది. 2015 మార్చి 4న ఆ ఆటను తయారు చేసిన మాక్సిస్ సంస్థ ప్రధాన కార్యాలయం మూతబడింది. ఆరు రోజుల తరువాత, మార్చి 10న, ఫిన్లండ్‌లోని టాంపెరె నగరం నుంచి కొలొసల్ ఆర్డర్ అనే అతి చిన్న బృందం తయారు చేసిన సిటీస్: స్కైలైన్స్ విడుదలైంది. స్వీడన్‌కు చెందిన పారడాక్స్ ఇంటరాక్టివ్ దాని ప్రచురణకర్త. ఏడేళ్ళలో కోటి ఇరవై లక్షల ప్రతులు అమ్ముడైన ఆ ఆట సాధించిన స్థానంలో, దాని సొంత గుణంతో పాటు, ముందటి ఆట మిగిల్చిన నిరాశకూ వాటా ఉంది.

ఎనిమిదేళ్ళ ఎదురుచూపు

మొదటి భాగంలో లోపాలు లేవని ఎవరూ అనలేదు. నగరాన్ని పరచుకోవడానికి ఒక్కొక్కటి సుమారు రెండు కిలోమీటర్ల చతురస్రంగా ఉన్న తొమ్మిది పలకలే దొరికేవి, అంటే దాదాపు 36 చదరపు కిలోమీటర్లు. ఒకే సమయంలో వీధుల్లో కదిలే మనుషుల సంఖ్య 65,536 దాటడానికి వీల్లేదు. రోడ్డుకు ఆరు వరుసలున్నా బళ్ళన్నీ ఒకే వరుసలో బారులు తీరేవి, ఎక్కువ సేపు ఇరుక్కుపోయిన బండి మాయమయ్యేది. ఈ లోపాలను అభిమానులే తమ సొంత మార్పుల ద్వారా సరిదిద్దుకున్నారు. ఆటకు బయటివారు చేర్చే ఇటువంటి అదనపు భాగాలను మోడ్‌లు అంటారు, మొదటి భాగాన్ని అంత కాలం బతికించింది అవే అనడం అతిశయోక్తి కాదు. కాబట్టి రెండో భాగం నుంచి వారు కోరినవి గాలి కోరికలు కావు, ఎనిమిదేళ్ళ వాడకంలో తేలిన అవసరాలు: పెద్ద నేల, మనుషుల సంఖ్యకు పరిమితి లేని లెక్క, కింద దుకాణం పైన ఇల్లు ఉండే కలగలుపు భవనాలు, బుద్ధిగా వరుస మార్చుకునే వాహనాలు, నిజమైన సరఫరా మీద నడిచే ఆర్థిక వ్యవస్థ, తొలిరోజు నుంచే మోడ్‌లు చేసుకునే స్వేచ్ఛ.

2023 అక్టోబరు 24న వచ్చిన రెండో భాగం వీటిలో చాలావాటిని కాగితం మీద నెరవేర్చింది. నేల సుమారు 159 చదరపు కిలోమీటర్లకు పెరిగింది. ప్రయాణికుడు దారిని ఎంచుకునేటప్పుడు కాలం, ఖర్చు, సౌకర్యం వంటివాటిని తూచుకునేలా చేశారు. కాశీబుగ్గ వీధిలో ఎవరూ వింతగా చూడని, కింద కొట్టు పైన కాపురం ఉండే ఇల్లు ఈ ఆటలోకి అడుగుపెట్టడానికి ఇన్నేళ్ళు పట్టిందన్నది గమనించదగిన విషయం. ఇళ్ళకొక చోటు, అంగళ్ళకొక చోటు అని గీతలు గీసే అమెరికా పట్టణ చట్టాలే అంతవరకూ ఈ ఆటలకు వ్యాకరణమయ్యాయి.

అయితే విడుదలకు ముందే అనుమానం పుట్టించిన అంశాలు ఒకదాని వెంట ఒకటి నిజమయ్యాయి. ఆట సాఫీగా నడవడానికి సంస్థ సిఫారసు చేసిన గ్రాఫిక్స్ కార్డు ఒక్కదాని ధరే మన దేశంలో సాధారణ ఉద్యోగి నెల జీతాన్ని దాటేది, అది ఉన్నా ఆట నత్తనడక నడిచింది. కారణం వెదికిన సాంకేతిక నిపుణులకు, దూరం నుంచి చుక్కగా కూడా కనిపించని పౌరుల నోటిలో పళ్ళు సైతం ఒక్కొక్కటిగా చెక్కి ఉన్న వైనం కనిపించింది. దూరాన్ని బట్టి బొమ్మలోని వివరాన్ని తగ్గించే మామూలు పద్ధతిని అనేక చోట్ల పాటించలేదు. విడుదల నాటికి ఆటలో సైకిలు లేదు. మోడ్‌ల వేదిక అయిదు నెలల తరువాత, 2024 మార్చిలో, అందుబాటులోకి వచ్చింది. అదే నెలలో డబ్బుకు అమ్మిన సముద్రతీర భవనాల అదనపు భాగంలో ఆడదగిన సరుకు లేదని అభిమానులు తిరగబడితే, సంస్థలు క్షమాపణ చెప్పి సొమ్ము వాపసు ఇచ్చాయి. కన్సోళ్ళ మీద ఆడేవారికి ఇచ్చిన మాట వాయిదాల మీద వాయిదాలు పడింది.

వీటన్నిటి కంటే లోతైన అనుమానం వేరొకటి ఉంది. నగరం నష్టాల్లో పడగానే ప్రభుత్వ సబ్సిడీ పేరిట సొమ్ము వచ్చి చేరేది. ఎంత అసమర్థంగా పాలించినా ఊరు దివాలా తీయదు. ఆటగాళ్ళు పనిగట్టుకుని తప్పులు చేసి చూశారు, కర్మాగారాలకు సరుకు అందకుండా చేసి చూశారు, అయినా లెక్క పెద్దగా కదలలేదు. ఓడిపోవడానికి వీల్లేని ఆటలో గెలుపుకు అర్థం లేదని వారు చేసిన వాదన న్యాయమైనది. 2024 జూన్‌లో ఆర్థిక వ్యవస్థను తిరగరాస్తూ ఇచ్చిన దిద్దుబాటులో ఆ సబ్సిడీని తొలగించడం ద్వారా సంస్థ కూడా ఆ న్యాయాన్ని ఒప్పుకున్నట్టే. కొన్నవారు ప్రయోగం చేసి, లోపం నిరూపించి, లోపలి లెక్కను మార్పించిన సందర్భాలు ఏ రంగంలోనూ తరచుగా కనిపించవు, అందుకే ఈ అభిమానుల పట్టుదలకు గౌరవం దక్కాలి.

బీల ఖాళీ నేల కాదు

అయినా వారి ప్రశ్నలు ఒక చోట ఆగిపోయాయి. నగరం మొదలైన తరువాతి లెక్క నిజమా అని అడిగారు గానీ, నగరం మొదలయ్యే ముందు అక్కడ ఏముండేదని అడిగినవారు అరుదు. సిమ్‌సిటీ మొదలుకొని నేటి వరకూ ఈ ఆటలు సాధారణంగా ఖాళీ పటంతో మొదలవుతాయి. నది ఉంటుంది, అడవి ఉంటుంది, కొండ ఉంటుంది, మనిషి ఉండడు. నేలకు యజమాని లేడు, కౌలుదారు లేడు, పశువులు మేపుకునేవాడు లేడు, వల విసిరేవాడు లేడు.

ఉద్దానం తీరానికి ఈ ఖాళీ పటం సంగతి బాగా తెలుసు. సోంపేట దగ్గరి బీల అనబడే చిత్తడి నేలలు రెవెన్యూ రికార్డుల దృష్టిలో ప్రభుత్వ భూమి, పరిశ్రమ పెట్టదలచినవారి దృష్టిలో బీడు. చుట్టుపక్కల ఊళ్ళ రైతులకు మాత్రం అది సాగునీరు, చేప, పశువుల మేత, నేల కింది నీటిని నిలబెట్టే ఆధారం. ఆ నేలలో 2,640 మెగావాట్ల థర్మల్ విద్యుత్ కేంద్రం కట్టాలన్న ప్రయత్నం 2010 జూలై 14న పోలీసు కాల్పులకు, ఇద్దరి మరణానికి దారితీసింది. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. 2011 ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి తంపర అనే చిత్తడి నేలల దగ్గర మరో థర్మల్ కేంద్రం విషయంలో మళ్ళీ తుపాకులు పేలాయి, మళ్ళీ ప్రాణాలు పోయాయి. నగర నిర్మాణ ఆటలో ఈ రెండు నిర్ణయాలకూ పట్టే సమయం ఒక్క నొక్కు. కేంద్రం లేస్తుంది, తీగ లాగుతారు, పొగ ఎటు వీస్తుందో చూసుకుని ఇళ్ళను కాస్త దూరంగా పెడతారు.

నేల యజమాని అనే పాత్రను ఆటలో పెట్టడం అసాధ్యమేమీ కాదు, ఆ పాత్ర లేకుండా నిజమైన నగరం ఎక్కడా కదలదు కాబట్టి అది అవసరం కూడా. దానికి తెలుగువారి కళ్ళ ముందే ఉన్న దృష్టాంతం అమరావతి. 217 చదరపు కిలోమీటర్ల రాజధాని నగరం కోసం భూసమీకరణ అనే పద్ధతిలో రైతులు 34 వేల ఎకరాల వరకు ఇచ్చారు. భూసమీకరణ అంటే నేలను అమ్మకుండా అప్పగించి, అభివృద్ధి చేసిన స్థలంలో కొంత వాటాను, కొన్నేళ్ళపాటు కౌలు సొమ్మును తీసుకునే ఒప్పందం. 2015 అక్టోబరు 22న శంకుస్థాపన జరిగింది, 2019 తరువాత పనులు నిలిచిపోయాయి, 2025 మే 2న తిరిగి ప్రారంభమయ్యాయి. ఆ మధ్యకాలంలో అక్కడి రైతు అనుభవించిన అనిశ్చితికి సమానమైనది స్కైలైన్స్‌లో లేదు, ఎందుకంటే అక్కడ పాలకుడు ఎన్నికల్లో ఓడిపోడు, ముందటి పాలకుడి మాటను తరువాతివాడు నిలబెట్టాలా వద్దా అన్న సమస్యే ఎదురు కాదు. ఆట మధ్యలో విరామం నొక్కితే పటం మీద కాలం ఆగిపోతుంది. విరామం నొక్కిన నగరంలో మాత్రం పిల్లల చదువులు, అప్పుల వడ్డీలు ఆగవు. రెండో భాగం అనే మాటకు నేల మీద ఉన్న బరువు అది.

నీరు, జబ్బు

నీటి విషయంలో ఈ ఆటలకు తగిన మెప్పు ఇవ్వాలి. మొదటి భాగంలో మురుగు కలిసే చోటుకు దిగువన నీటి పంపు పెడితే ఊరంతా జబ్బు పడేది. ప్రవాహం ఎటు పోతుందో చూసుకోవాలన్న పాఠాన్ని లక్షలాది పిల్లలు అలా నేర్చుకున్నారు. రెండో భాగం ఇంకొక అడుగు వేసి భూగర్భ జలాన్ని తీసుకొచ్చింది: అతిగా తోడితే తగ్గుతుంది, పైన నేల కలుషితమైతే కిందికి దిగుతుంది. బోరునీటి మీద తరాలుగా బతికిన ప్రాంతానికి ఇంతకంటే దగ్గరి అంశం ఆటలో మరొకటి లేదు.

అయితే ఆటలో ప్రతి జబ్బుకూ తెలిసిన కారణం ఉంటుంది. కాలుష్యపు రంగు పటం మీద ఎర్రగా కనిపిస్తుంది, పంపు జరిపితే జబ్బు పోతుంది. కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి ఏళ్ళ తరబడి కుటుంబాలను కూల్చుతున్నది. నీటిలోని ఖనిజాలు, పురుగుమందులు, ఎండలో పని చేసేవారి ఒంట్లో నీరు తగ్గిపోవడం, వంశపారంపర్య లక్షణాలు అన్నీ పరిశోధకుల అనుమానంలో ఉన్నా, కారణం ఇదేనని శాస్త్రం తేల్చలేదు. అయినా పాలన ఆగి కూర్చోలేదు, ఆగకూడదు కూడా. వంశధార నీటిని హిరమండలం జలాశయం నుంచి గొట్టాల ద్వారా తెచ్చే సుమారు 700 కోట్ల రూపాయల తాగునీటి పథకాన్ని, పలాసలో 200 పడకల మూత్రపిండాల ఆసుపత్రి, పరిశోధన కేంద్రాన్ని 2023 డిసెంబరు 14న ప్రారంభించారు. కారణం తెలియకముందే, ఫలితం మీద హామీ లేకుండానే, ఖర్చు పెట్టవలసి రావడం నిజమైన పాలకుడి స్థితి. నగర నిర్మాణ ఆటలు నేర్పనిది ఇదే. లెక్క రాసినవాడికి తెలిసిన కారణాలే ఆటలో పనిచేస్తాయి. ఫారెస్టర్ సమీకరణాలకున్న పరిమితి ఇప్పటికీ తొలగలేదు.

విపత్తుల్లోనూ ఇదే కొరత. మొదటి భాగానికి 2016లో చేర్చిన విపత్తుల్లో భూకంపం, సునామీ, సుడిగాలి, ఉల్కాపాతం ఉన్నాయి. తూర్పు తీరం ఏటా భయపడే తుఫాను లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుఫాను లక్షల కొద్దీ కొబ్బరి చెట్లను కూల్చింది. కొత్త మొక్క కాపుకు రావడానికి అయిదారేళ్ళు పడుతుంది, ఆ అయిదారేళ్ళూ ఆ కుటుంబానికి ఆదాయం ఎక్కడి నుంచి రావాలన్నదే అసలు విపత్తు. కూలిన భవనాన్ని చిటికెలో తిరిగి లేపే ఆటలో దానికి చోటు లేదు.

ఆ ఆదాయం రావలసిన చోటు ఏదో ఉద్దానం జనం ఎప్పుడో కనిపెట్టారు: పటం అంచున ఉన్న రోడ్డు. ఇచ్ఛాపురం నుంచి పలాస వరకు ఉన్న స్టేషన్లలో రైలు ఎక్కి వెళ్ళినవారు మేస్త్రీలుగా, వెల్డర్లుగా, గొట్టాలు అమర్చేవారిగా, కూలీలుగా నగరాలను కట్టారు. తీరపు మత్స్యకారులు గుజరాత్ రేవుల దాకా వెళ్ళి వేటపడవలెక్కారు. ఆటలో భవనం తనకు తానే పైకి లేస్తుంది, క్రేను తిరుగుతుంది, తాపీ పట్టిన చెయ్యి ఉండదు. పౌరుడి పళ్ళను చెక్కడానికి వెచ్చించిన శ్రమలో కొంత ఆ చేతికి దక్కి ఉంటే రెండో భాగం మరింత నిజమైన ఆట అయ్యేది.

ఇక ముందు

2025 నవంబరులో పారడాక్స్, కొలొసల్ ఆర్డర్ విడిపోతున్నట్టు ప్రకటించాయి. 2026 ఆరంభం నుంచి ఆట బాధ్యత టాంపెరె నగరానికే చెందిన ఐస్‌ఫ్లేక్ స్టూడియోస్‌కు అప్పగించారు. పదేళ్ళకు పైగా ఈ ఆటలకు ప్రాణం పోసిన బృందం తప్పుకోవడం పట్ల అభిమానుల్లో విచారం ఉంది, కొత్తవారు ఏం చేస్తారన్న ఆశ కూడా ఉంది. కొత్త బృందం అమ్మకానికి అదనపు భాగాలు చేర్చే ముందు లోపలి లెక్కను బాగుచేయాలి, ఆ లెక్క ఎలా నడుస్తుందో ఆటగాడికి కనిపించేలా పెట్టాలి. అమెరికా, ఫ్రాన్స్, జర్మనీ, బ్రిటన్, తూర్పు ఐరోపా, జపాన్, చైనా శైలి భవనాలను ఉచితంగా ఇచ్చిన ఆటలో భారతదేశపు వీధి లేకపోవడం సరిదిద్దవలసిన లోటు.

తెలుగు అభిమానులు చేయగల పని కూడా ఉంది. నైరోబిలోని కిబెరా మురికివాడ మొదలుకొని అనేక చోట్ల, 2012 నుంచి, ఐక్యరాజ్యసమితి ఆవాస విభాగం మైన్‌క్రాఫ్ట్ అనే ఆట ద్వారా స్థానికుల చేతనే తమ బహిరంగ స్థలాలకు నమూనాలు చేయించింది. తొలి సిమ్‌సిటీ మూల సంకేతం మైక్రోపొలిస్ పేరుతో 2008 నుంచి ఎవరైనా మార్చుకునేలా బయట ఉంది. స్కైలైన్స్ రెండో భాగంలోనూ పటాలు తయారు చేసే పరికరం ఉంది. శ్రీకాకుళం, విశాఖ ఇంజనీరింగ్ కళాశాలల్లో చదువుతున్న ఉద్దానం పిల్లలు తమ తీరాన్ని ఆ పటంలోకి ఎక్కించాలి: బీలను నీరుగా, తోటలను తోటలుగా, మూలపేట రేవు ఎక్కడ కడుతున్నారో అక్కడ రేవుగా, ఉన్న ఊళ్ళను ఊళ్ళుగా గుర్తించి, ఆ పటాన్ని కవిటి, సోంపేట పాఠశాలల్లో పిల్లల ముందు పెట్టి, ఇక్కడ ఏదైనా కట్టాలంటే ముందు ఎవరిని అడగాలో వారి చేతనే చెప్పించాలి.